క్రీడాధర్మము



మన అనంతపురపు పీఠభూమియందు సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అదియును ఒక యేడు కురిసి రెండేండ్లు ముఖము చాటువేయుట మనకు అలవాటే. ఇట్టి నేలమీద బ్రదుకువారికి ఆటలేల, పందెములేల యని పరాయివాడు అడుగవచ్చును. కాని ఉగాదికిని, జాతరకును, పంట యింటికి చేరిన దినములకును మన పల్లెలలో జనము గుమిగూడునది ఆటచోటనే గదా. ఎద్దుల బండలాగుడు, చెడుగుడు, కుస్తీ, గుండెత్తుట, ఇవి లేని తిరునాళ్ళను మనమెఱుగము. ఆట ముగిసిన మఱునాడు గెలిచినవాడును ఓడినవాడును ఒక్క బావికడ తలయెత్తి నిలువవలెను. అట్లు నిలువవలెనన్న ఏమి కావలెనో, ఆ విషయమునుగూర్చి ఈ పూట నాలుగు మాటలు మనవి చేయుదును.

దీనికి క్రీడాధర్మమని పేరు. ఇది దొరలు తెచ్చిన మాటయని కొందఱందురు. నేటి ఆటల నియమములు పెక్కు పడమటి దేశములనుండి వచ్చినమాట నిజమే. కాని ఆ ధర్మబుద్ధియే మనకు లేదనుట మన తిరునాళ్ళను కన్నులార చూడనివారి మాట. బండలాగుడు పోటీలలో ఎడ్లను ఏ విధముగా జతపఱతురో తలచుకొనుడు. పాలపండ్ల కోడెలు పాలపండ్ల కోడెలతోనే, రెండుపండ్లవి రెండుపండ్లవానితోనే, ఆఱుపండ్లవి ఆఱుపండ్లవానితోనే పోటీపడును. పెద్దలు ఎద్దు నోరు తెఱచి పండ్లు చూచిన తరువాతనే బండకు కట్టనిత్తురు. లాగుటకు అందఱికిని కాలము ఒక్కటే, బండ బరువు ఒక్కటే; కడపట దూరము కొలిచి గెలుపు చెప్పుదురు. సమానునితో సమానుడు తలపడవలెనను సూత్రమును నోరులేని పశువుల విషయమునందే మనవారు ఇంత శ్రద్ధతో పాటించిరి.

నా యెఱుకలో క్రీడాధర్మమునకు మూడంగములు. మొదటిది సమభూమి, అనగా ఇరుపక్షములకును నేల యొక్కటే యగుట. రెండవది తీర్పరి మాట నిజమగుట, ఆ మాటకు ఇరువురును లోబడుట. మూడవది ఓడినవాని గౌరవము చెడకుండుట. ఈ మూటిలో ఏది తప్పినను ఆట పగగా మాఱును. చరిత్రలో దీనికి నిదర్శనములు కలవు.

మొదట భారతమును తలచుకొందము. యుద్ధారంభమునకు ముందు ఉభయపక్షములవారును కొన్ని కట్టుబాట్లు చేసికొనిరి. రథికుడు రథికునితోనే, గజారోహకుడు గజారోహకునితోనే, కాల్బంటు కాల్బంటుతోనే పోరవలెను. వెన్నిచ్చినవానిని, ఆయుధము పోయినవానిని, మఱియొకనితో పోరుచున్నవానిని కొట్టరాదు. ఆ కట్టుబాట్లలో ఎన్ని నిలిచినవో మీరెఱుగుదురు. కడపట భీముడు గదతో దుర్యోధనుని తొడలు విఱుగగొట్టినప్పుడు, నాభికి దిగువ కొట్టుట గదాయుద్ధమున అధర్మమని బలరాముడు నాగలెత్తి భీముని మీదికి వచ్చెను. ఆయన ఇరువురకును గురువు. పాండవులు మనకు ప్రియులు. వారి గెలుపు ధర్మమునకు గెలుపని నమ్ముదుము. అయినను వ్యాసులవారు ఆ దెబ్బను దాచలేదు, దానిని తప్పన్న బలరాముని కోపమును దాచలేదు. మనవాడు చేసినను తప్పును తప్పని చెప్పుటలో ఎంత కష్టమున్నదో, ఆ కష్టమును ఓర్చుకొనుటలో ఎంత గౌరవమున్నదో ఆ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు తోచును.

అటుపిమ్మట మన రాయల కాలము. 1520 ప్రాంతమున డొమింగో పాయిస్ అను పోర్చుగీసు యాత్రికుడు విజయనగరమునకు వచ్చి, తాను చూచినదెల్ల వ్రాసిపెట్టెను. కృష్ణదేవరాయలు ప్రొద్దు పొడువక మునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, అది చెమటతో పోవువఱకు కత్తి త్రిప్పి, తన జెట్టీలలో నొకనితో కుస్తీ పట్టెడివాడని ఆయన వ్రాసినాడు. మహానవమి ఉత్సవములలో జెట్టీల పోరు మిక్కిలి భయంకరముగా నుండెడిదట. పండ్లు రాలునట్లు, కన్నులు చెడునట్లు గ్రుద్దుకొనెడివారట. అయినను ఆ వ్రాతలో నన్ను ఆకర్షించినది వేఱొక ముక్క. ఆ బరిలో నాయకులును తీర్పరులును ఉండి, పోరువారిద్దఱిని సమానస్థితిలో నిలుపుచు, గెలిచినవానికి తగిన మర్యాదను నిర్ణయించుచుండిరట. అంతటి క్రూరమైన పోరునకును ముందుగా నేలను సమము చేయు మనుష్యుడొకడు కావలసి వచ్చెను. ఆ రాజ్యమునకు మన పెనుకొండ ముఖ్యదుర్గము. 1565లో తళ్ళికోట యుద్ధము ముగిసిన పిదప రాజధానియు నదియే ఆయెను. కావున ఇది మన యింటి చరిత్రయే.

ఇక మూడవ యంగమునకు సాక్ష్యము మన పొలిమేరలలోనే నిలిచియున్నది. గుడి ప్రక్కనో, చెఱువుకట్ట మీదనో మీరు చూచిన వీరగల్లులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. క్రింది పలకయందు పోరు, నడిమి పలకయందు అప్సరసలు వీరుని కొనిపోవుట, పై పలకయందు దేవుని సన్నిధి. ఆ ఱాయి యెవరికి నిలిపిరి? పసులమందను విడిపింప బోయి, ఊరిని కాపాడ బోయి నేలకొరిగినవానికి నిలిపిరి. ప్రాణముతో తిరిగివచ్చినవానికి పసులు దక్కెను. పడినవానికి ఱాయి దక్కెను. చక్కగా పోరి పడినవానిని మఱువరాదని మన పెద్దలు ఱాతిమీద చెక్కించినారు. ఓడినవానిని చూచి ఈల వేయు నేటి కుఱ్ఱవారికి ఆ ఱాతి యర్థమును చెప్పవలసినవారము మనమే.

ధర్మము తప్పిన ఆట ఎంతవఱకు పోవునో తెలియగోరువారు పల్నాటి కథను తలచుకొనవలెను. 12వ శతాబ్దిలో గురజాల పక్షమునకును మాచర్ల పక్షమునకును పోరు కలిగినప్పుడు, ఓడినవారు ఏడేండ్లు దేశము విడువవలెనని కోడిపందెము కట్టిరి. ఆ పందెమున నాగమ్మ కపటమునకు పాల్పడెననియు, మాచర్లవారు ఓడి వలసపోయిరనియు, గడువు తీఱి వచ్చి రాజ్యభాగ మడిగినను గురజాలవారు ఇయ్యలేదనియు కథ చెప్పుచున్నది. ఆ పోరు కారెమపూడి రణరంగమున ముగిసెను. ఉభయపక్షముల వీరులును మడిసిరి. ఓడినవారు తమ మాట నిలుపుకొని ఏడేండ్లు అడవుల పాలైరి. గెలిచినవారు తమ మాట నిలుపుకొనలేదు. పందెముకన్న ఆ మాట తప్పుటయే పల్నాటిని కాల్చినది.

నిన్నమొన్నటి చరిత్రకు వత్తము. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జనించిన కొట్టారి కనకయ్య నాయుడుగారి పేరు మీరు వినియుందురు. 1932 జూన్ 25వ తేదీన లండను నగరమున లార్డ్స్ మైదానమునందు భారతదేశము తన మొట్టమొదటి టెస్టు క్రికెట్టు పోటీని ఆడెను. ఆ పర్యటనకు నాయకుడుగా నియమింపబడినవారు పోరుబందరు మహారాజు. పరతంత్ర దినములు, జట్టునకు రాజవంశీయుడే నాయకుడు కావలెనను కాలము. కాని ఆ మహారాజు తన ఆట ఆ స్థాయికి చాలదని తానే గ్రహించి తప్పుకొనగా, నాయుడుగారు నాయకులైరి. ఆ పోటీలో బంతిని ఆపబోయి చేతికి గాయము తగిలినను, ఆయన తొలి ఇన్నింగ్సున 40 పరుగులు తీసెను. మన జట్టులో ఆ యిన్నింగ్సున అదియే హెచ్చు. మనవారు 158 పరుగుల తేడాతో ఓడిరి. అయినను ఆ యోటమిని మనము గర్వముతోనే చెప్పుకొందుము. సింహాసనము గలవాడు తనకన్న యోగ్యునికి చోటిచ్చి ప్రక్కకు తొలగుట గెలుపుకన్న చిన్నది కాదు. నాలుగేండ్లకు 1936లో, ఉత్తరాంధ్రమందలి విజయనగర సంస్థానపు రాజకుమారుడు నాయకుడుగా వెళ్ళిన జట్టు తనలో తాను చీలి, అమర్‌నాథ్ వంటి మేటి ఆటగానిని మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపివేసెను. ఆ యేడు మనము మూడు టెస్టులలో రెండు ఓడితిమి. అప్పుడు ఎదుటివారి బలము మాత్రమే గాక, మనలోని యీర్ష్యయు మనలను ఓడించెను.

మన పొరుగున కన్నడ దేశమందలి భద్రావతిలో పుట్టిన గుండప్ప విశ్వనాథ్ 1980 ఫిబ్రవరిలో బొంబాయిన ఇంగ్లండుతో ఆడిన టెస్టునకు భారత నాయకుడు. మనవారు 242 పరుగులు చేయగా, ఇంగ్లండువారు 58 పరుగులకే అయిదుగురిని కోల్పోయి తడబడుచుండిరి. అట్టి సమయమున బాబ్ టెయిలర్ అను ఆటగాడు ఔటైనట్లు అంపైరు వ్రేలెత్తెను. బంతి అతని బ్యాటునకు తగులలేదని స్లిప్పులో నిలిచిన విశ్వనాథ్‌నకు తోచెను. ఆయన అంపైరుకడకు పోయి, తమ విన్నపమును ఉపసంహరించుకొని, టెయిలరును వెనుకకు పిలిచెను. పిదప టెయిలరును బోథమును కలిసి 171 పరుగులు జోడించిరి. ఇంగ్లండు పది వికెట్ల తేడాతో గెలిచెను. ఆ పోటీలో బోథము శతకము చేసి పదమూడు వికెట్లు తీసిన సంగతి లెక్కలు చూచువారు చెప్పుదురు. కాని మన యిండ్లలో నేటికిని నిలిచినది ఓడిన నాయకుని పేరు. ఆ వార్త పత్రికలో చదివినప్పుడు నాకిరువది యేండ్ల ప్రాయము. నేనైనను అట్లే చేసియుందునని ఆనాడు గట్టిగా అనుకొంటిని.

ఏమి చేసితినో ఇప్పుడు చెప్పవలెను. ఊళ్ళ పేర్లు, బడి పేరు చెప్పను; తప్పు నా యొక్కనిది. విశ్వనాథ్ మాట చదివిన కొన్నేండ్లకు, నేను తెలుగు పండితుడుగా పనిచేయు చోట రెండూళ్ళకు చెడుగుడు పోటీ జరిగెను. నడిగీత కడ తీర్పరిని నేనే. ఆడుచున్న జట్లలో ఒకటి నా శిష్యులది. అట్టిచోట నేను తీర్పరిగా నిలువరాదని ముందే చెప్పియుండవలసినది, చెప్పలేదు. కడపటి కూతకు మావాడు పోయెను. ఎదుటివారు నలుగురు వానిని పట్టిరి. వాడు నేల ప్రాకుచు వచ్చి గీతను తాకెను. కాని గీతకు జానెడు దూరముననే వాని కూత తెగుట నా చెవికి స్పష్టముగా వినబడినది. కూత తెగినదని ఎదుటివారు కేకలు వేసిరి. నేను మావాడే గెలిచెనని చేయెత్తితిని. జనము వానిని భుజములమీద నూరేగించిరి.

ఆ రాత్రి వాడొక్కడే నా యింటికి వచ్చి వాకిట నిలిచి, "అయ్యవారూ, గీత ముట్టకమునుపే నా కూత తెగిపోయింది. మీకు వినపడలేదా?" అని అడిగెను. "ఊరుకోరా, ఊరి పరువు నిలిచింది" అంటిని. వాడు తల వంచుకొని పోయెను. మఱుసటి యేడు ఆటకు రాలేదు.

రెండేండ్లకు వాన తప్పెను. ఆ రెండూళ్ళకును ఆధారము ఒక్క చెఱువు. మీలో చెఱువు క్రింది సేద్యము చేసినవారికి నేను చెప్పవలసినది లేదు. నీరు నిండుగా నున్ననాడు నీరుగంటి మాటను అందఱును విందురు. నీరు అడుగంటిననాడు ప్రతివానికిని తన వంతే ముందు కావలెను. మాట కుదురక, మధ్యవర్తి నొకని నిలుపుకొందమని రెండూళ్ళవారును కూర్చుండిరి. చదువుకొన్నవాడనని మావారు నా పేరు చెప్పిరి. ఎదుటి యూరి పెద్దాయన నెమ్మదిగా లేచి, "కూత వినపడని అయ్యవారికి నీటి చప్పుడేం వినపడుతుంది?" అనెను. సభలో ఎవరును నవ్వలేదు. నాకు బదులు తోచలేదు. ఆ దినము మాట తెగలేదు. కొన్ని రాత్రులకు ఎవరో కట్టకు గండి కొట్టిరి. ఉన్న కొంచెము నీరు ఎవరి పైరునకును అందక వాగు పాలాయెను.

ఆ నష్టమునకంతకు నా తీర్పే కారణమని చెప్పను. కఱవు కలదు, పాతపగలు కలవు. కాని ఇరువురును నమ్మదగిన మనుష్యుడొకడు కావలసిన దినమున నేను ఆ మనుష్యుడను కాకపోతిని. ఆటలో పోయిన నమ్మకము నీటికడ దొరకదు. ఉద్యోగము విరమించిన పిమ్మట ఆ శిష్యుని వెదకికొని పోయి తప్పు ఒప్పుకొంటిని. వాడిప్పుడు పిల్లల తండ్రి. "అది ఎప్పుడో పోయింది లెండి అయ్యవారూ" అనెను. వానికి పోయెనేమో, నాకు పోలేదు. అందుచేతనే ఈ ప్రసంగము.

ఈ కథతో ముగించినచో మీకును నాకును నిరాశయే మిగులును. కాని మన జిల్లాలోనే ఊరట కల్గించు చరిత్రయు నున్నది. స్పెయిను దేశమున జనించిన విన్సెంట్ ఫెర్రరుగారు 1969లో అనంతపురమునకు వచ్చి, 2009లో తాము పరమపదించు వఱకు ఈ కఱవు నేలనే నమ్ముకొనిరి. ఆయన నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ బడులు, ఆసుపత్రులు, ఇండ్లు కట్టించుటతో నాగక, ఆటస్థలములు వేయించెను. 2010లో స్పెయిను టెన్నిసు వీరుడు రఫేల్ నడాల్ పేరిట అనంతపురమున పేదపిల్లలకు టెన్నిసును, చదువును నేర్పు కేంద్రము తెఱచిరి. 2024 సెప్టెంబరులో దేశపు పేరుపడ్డ క్రికెట్టు పోటీయగు దులీప్ ట్రోఫీ ఆ సంస్థ మైదానమునందు జరుగగా, పల్లెలనుండి బండ్లు కట్టుకొని పోయి చూచినవారు మీలో నుందురు. మన జిల్లా పల్లెనుండి వచ్చిన బారెడ్డి అనూష అను బాలిక 2023లో భారత మహిళాజట్టున చేరి బంగ్లాదేశమున ఆడెను.

దీనిని నేను మొదట చెప్పిన సమభూమికి ఉదాహరణముగా చూపుచున్నాను. కురుకుమారుల విద్యాప్రదర్శనము నాడు కర్ణుడు రంగమున ప్రవేశింపగా, అతని వింటినేర్పు అట్లుండనిచ్చి కులమేమని యడిగిరి. ఆ ప్రశ్నకు ఫలితము కురుక్షేత్రము వఱకు పోయెను. మన పల్లెలలోను ఆడపిల్లకేల ఆటయనియు, ఫలానా వాడలోని పిల్లవాడు మన బరిలోనికి రారాదనియు పెద్దలనిపించుకొన్నవారే అనిన దినములు నాకు తెలియును. ఎద్దు పండ్లు చూచి జతకట్టిన మనము మనుష్యుల విషయమున ఆపాటి న్యాయమును పాటింపకపోతిమి. బరిలో కులము లేదు, పేదఱికము లేదు. గీత యొక్కటే, కూత యొక్కటే.

పెద్దలారా, వచ్చు తిరునాళ్ళలో పోటీలు నడపువారు మీరే. నా యనుభవము నేర్పిన కొన్ని మాటలను మీముందుంచెదను. తీర్పరిని మూడవ యూరినుండి పిలిపింపుడు. తన బిడ్డయో, శిష్యుడో, చుట్టమో ఆడుచోట తీర్పరిగా నిలువబోనని చెప్పినవానిని పిఱికివాడనక మెచ్చుకొనుడు. నియమములను ఆటకు ముందే పదిమంది వినునట్లు చదివి వినిపింపుడు. పందెము సొమ్మును బరి దరికి రానీయకుడు, పల్నాటిని మఱువకుడు. ఆట ముగియగానే గెలిచినవారు ఓడినవారి కడకు పోయి చేయి పట్టుకొనునట్లు చూడుడు. ఆ రాత్రి రెండు జట్లును ఒక్క పంక్తిని భుజింపనిండు. తన కూత తెగినదని తానే చెప్పిన పిల్లవాడు కనబడినచో, గెలిచినవానికన్న ముందుగా వానికి కండువా కప్పుడు. నేను కప్పవలసిన కండువా ఒకటి బాకీయున్నది.

ఈ నేలయందు వాన మన చేతిలో లేదు. చెఱువు నిండుటయు మన చేతిలో లేదు. ఉన్న నీటిని వంతుల చొప్పున పంచుకొని త్రాగుట మాత్రము మన చేతిలోనిదే. వంతు వచ్చువఱకు ఓర్చుకొనుట, వంతు తీఱగానే తొలగుట, తీర్పునకు తల యొగ్గుట, ఇవి పిల్లలకు మొదట అబ్బునది ఆటచోటనే. ఆ చోటును శుభ్రముగా నుంచుట మన వంతు.

సెలవు.